ఇంటికి కుట్టిన బొంత

“పిల్ల బాగుంది. నా భయమంతా మీ ఇంటి గురించే,” అంది డాక్టరమ్మ.

తాండూరు ఆసుపత్రి వరండాలో నిలబడి వింటున్నాం. మా అబ్బా కరీముద్దీన్, అమ్మీ చాంద్‌బీ, నేను. మాకు ఎదురుగా వికారాబాద్ నుంచి వచ్చిన ఖైరున్నీసా. మా చెల్లెలు ఆఫియాకు అత్తగారు. లోపల వార్డులో ఆఫియా పడుకుని ఉంది. నెల ముందే పుట్టిన పిల్లను నర్సు తల్లి గుండెలకు ఆనించి గుడ్డతో కట్టింది. బయటికి కనిపించేది ఊలు టోపీ ఒక్కటే.

“శుక్రవారం పంపిస్తాను. గది వెచ్చగా ఉండాలి. పెద్దవాళ్ళు పలచటి బట్టలతో కూచున్నా చలి తెలియకూడదు. పొగ అసలే ఉండకూడదు. ఇలాంటి పిల్లలకు చలి తగిలితే ముందు పాలు మానేస్తారు. ఆ తర్వాత నా దగ్గరికి తెచ్చేలోపే...” ఆవిడ మాట ఆపి మరో మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

ఖైరున్నీసా శాలువా సర్దుకుంది. వికారాబాద్‌లో గాజుల దుకాణం నడిపే మనిషి. బేరం ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలుసు.

“అయితే ఫికర్ ఏం లేదు. జుమ్మా నాడు నా కొడుకు సాకిబ్ కారు తెస్తడు. తల్లిని, పిల్లను మా ఇంటికి తోలుకపోత. కరీం భాయ్, ఏమనుకోకుండ్రి. మీది బండల ఇల్లు. ఎండకాలం జన్నత్. గీ చలిల మాత్రం కాదు.”

అబ్బా మొహం బిగుసుకుంది. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి. కాన్పయ్యాక నలభై రోజులు, మేం చిల్లా అంటాం, తల్లీబిడ్డా అక్కడే ఉండాలి. మధ్యలో తీసుకుపోవడమంటే ఆ ఇల్లు ఆడపిల్లను చూసుకోలేకపోయిందని ఊరందరికీ చెప్పినట్టే.

“చిల్లా నిండకుండ పంపిస్తె నా ఇంటికి ఇజ్జత్ ఏముంటది సమ్ధన్?” వియ్యపురాలిని అబ్బా అలాగే పిలుస్తాడు.

“ఇజ్జత్ కప్పితె పిల్లకు చలి ఆగుతదా భాయ్?”

అబ్బా చూపు నేల మీదికి పోయింది. నేను ఇంటికి పెద్దకూతురిని, రుక్సార్‌ని. జవాబు లేనప్పుడే నా నోరు ముందు నడుస్తుంది.

“ఖాలా, జుమ్మా నాడు పొద్దుగాల మీరే రాండ్రి. శాలువా తీసి మా గదిల గంటసేపు కూసోండ్రి. చలి పెడితె ఆఫియాను తోలుకపోండ్రి. ఎవ్వలం అడ్డం రాము.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. “గంట చాలు. నా మోకాళ్ళు అబద్ధం చెప్పవు.”

అది ఆదివారం.

* * *

మా ఇల్లు అబ్బా తన చేతులతో కట్టుకున్నది. గోడలు బండలు, నేల బండలు, పైకప్పు బండలు. ఆయన పనిచేసేది కూడా బండలు పాలిష్ పట్టే యూనిట్‌లోనే. ఆ గోడలకు మేకు కొట్టాలన్నా ఒప్పుకోడు. మా ఇంట్లో క్యాలెండర్‌కు కుర్చీ ఉంది, గోడ లేదు.

ఆ సాయంత్రమే ఆయన రెండు హీటర్లతో దిగాడు. పెద్ద గదిలో ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల పెట్టి, యుద్ధం గెలిచిన వాడిలా స్విచ్ వేశాడు. తీగలు ఎర్రబడ్డాయి. మధ్యలో నిలబడ్డాం. కాళ్ళు కాలుతున్నాయి, వీపు వణుకుతోంది. బయట మీటరు గిర్రున తిరుగుతోంది.

గోడ అవతల నుంచి శాంతవ్వ అరిచింది. పక్కిల్లు ఆమెది, కందిపప్పు మిల్లులో పని.

“కరీం భాయ్! ఇంట్ల మిల్లు పెట్టినవా ఏంది? మా బల్బు కండ్లు మూస్తున్నది!”

ఆ వెంటనే ఫ్యూజు ఎగిరింది. తీగ కాలిన కమురు వాసన. చీకట్లో అమ్మీ గొంతు. “జుమ్మాకు ముందే ఇల్లు కాలవెడుతవా ఏంది?”

మర్నాడు ఫ్యూజు కట్టించి ఒక్క హీటర్ వేశాం. గంటసేపు తిరిగింది. ఆపిన కాసేపటికే గది మళ్ళీ చల్లబడింది. అంత వేడి ఎటు పోతోంది? నాకు కోపం వచ్చింది. ఇంట్లో దొంగ ఉన్నాడు. ఏ దారిన వస్తున్నాడో పట్టుకోవాలి.

అగరుబత్తి వెలిగించి గోడల వెంబడే నడిచాను. గది మధ్యలో పొగ నిటారుగా లేచింది. కిటికీ దగ్గర పక్కకు వంగింది. పైకప్పు గోడను కలిసే చోట స్టూలు ఎక్కి పట్టుకుంటే, ఎవరో అవతల నుంచి పీలుస్తున్నట్టు సందులోకి దూరిపోయింది. బట్టలు కత్తిరించేటప్పుడు గీసే సుద్ద నా చేతిలోనే ఉంది. పొగ దూరిన ప్రతి చోటా ఒక గీత పెట్టాను. ఒక గోడ అయ్యేసరికి సుద్ద సగం అరిగింది.

అబ్బా పని నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు.

“నా గోడల మీద గీతలేంది?”

“దొంగలు వచ్చే దార్లు అబ్బా. చెయ్యి పెట్టి చూడు.”

ఆయన అరచేతిని ఒక గీత మీద ఆనించాడు. తర్వాత ఇంకో గీత మీద. మొహంలో మొదట కోపం, తర్వాత పనివాడి చూపు.

“క్వారీల తూటాలు పేలినప్పుడల్ల జరజర కదిలినయ్,” అన్నాడు చివరికి. “చలి బండది కాదు బిడ్డా. సందులది.”

చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు భుజం మీద బస్తా. యూనిట్‌లో పాలిష్ పట్టినప్పుడు రాలే బండ పొడి. దాన్ని సిమెంటులో కలిపి, తాపీ పట్టుకుని, నా గీతలన్నీ ఒక్కొక్కటిగా మూయడం మొదలుపెట్టాడు. ఎక్కడ బండ ముగిసిందో ఎక్కడ అతుకు మొదలైందో తెలియకుండా.

* * *

సందులు మూశాం. కానీ పైకప్పు బండ చల్లగానే ఉంది. రాత్రంతా ఆకాశం కింద పడుకునే బండ అది. దాని కింద నిలబడితే నెత్తి మీద తడిగుడ్డ వేసినట్టుంటుంది.

చలిలో మనిషికి ఏం చేస్తాం? బొంత కప్పుతాం. ఇంటికి ఎందుకు కప్పకూడదు?

వీధి తలుపు బయట వసారాలో నా కుట్టుమిషన్ ఉంది. దాని వెనక, ఎప్పటికైనా పనికొస్తాయని దాచుకున్న కత్తిరింపు ముక్కల మూటలు ఉన్నాయి. జాకెట్ల చేతులు, పంజాబీ డ్రెస్సుల అంచులు, బడి యూనిఫారాల నీలం ముక్కలు. వాటిని తిడుతూనే అమ్మీ ఇన్నేళ్ళు ఊడ్చింది. అన్నీ విప్పి గదిలో కుప్ప పోశాను. శాంతవ్వను పిలిచి, మిల్లులో చిరిగిన గోనె సంచులు కావాలన్నాను.

“ఎందుకు బిడ్డా?”

“ఇంటికి బొంత కుడుత.”

ఆమె అమ్మీ వైపు తిరిగింది. “చాంద్‌బీ, నీ చిన్నబిడ్డనా బాలింత, నీ ఇల్లా? రేపు ఇంటికి మేజోళ్ళు గూడ తొడుగుతది గీ పిల్ల!”

నవ్వింది, వెళ్ళింది, నెత్తిన సంచుల మోపుతో వచ్చింది. మోపు దించి, కొంగు బిగించి నా పక్కనే చతికిలబడింది. “ఏడి దబ్బనం? నీ మిషన్ సూది గోనెకు ఏం ఆగుతది?”

రెండు రోజులు మా ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదు. సంచులు విప్పి వెడల్పుగా పరిచాం. మధ్యలో గుడ్డ ముక్కలు మందంగా నింపాం. పైన మళ్ళీ గోనె. నాలుగు వేళ్ళ దూరానికి ఒక టాకా కుట్టు, ముక్కలు ఒక పక్కకు జారిపోకుండా. దబ్బనం నా బొటనవేలిని రెండుసార్లు దాటింది. వీధిలోని ఆడవాళ్ళు మొదట నవ్వడానికి వచ్చారు. తర్వాత పాత చీరలు, చిరిగిన లుంగీలు పట్టుకుని వచ్చారు. ఒకామె పెళ్ళి నాటి పరికిణీ తెచ్చి, “ఇది జర నడిమిల పెట్టు, దీనికి వెచ్చదనం ఎక్కువ,” అంది. నవ్వులతో గది ముందే వేడెక్కింది.

బుధవారం సాయంత్రం అబ్బా ఈ గోడ నుంచి ఆ గోడకు ఇనుప తీగలు లాగాడు. మేకు కొట్టలేదు. దూలాలకు చుట్టాడు. బొంత పైకి లేచింది. కప్పుకూ బొంతకూ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ వదిలాం. వీధి తలుపుకు ఒక బొంత, వంటింటి తలుపుకు ఒకటి. నేల మీద గోనె, దాని మీద చాప. కిటికీకి ఫర్నిచర్ కొట్టు నుంచి తెచ్చిన బుడగల కవర్, తీసి పెట్టుకునేట్టు.

మిగిలింది అబ్బా చేశాడు. గురువారం పని మానేసి దక్షిణం కిటికీ ముందు కూచున్నాడు. ఎండ రాగానే కవర్ తీసి, కిటికీ ఎదురుగా చాప మడిచాడు. ఎండ నేల బండ మీద పడింది. అది జరిగిన కొద్దీ చాప జరిపాడు. ఎండ వంగగానే కిటికీ మూసి కవర్ కట్టి, నన్ను పిలిచాడు.

“చెయ్యి పెట్టు.”

బండ గోరువెచ్చగా ఉంది. దీపాలు పెట్టే వేళకూ అలాగే ఉంది. హీటర్ కాసేపు వేసి ఆపేశాం. గది ఆ వేడిని వదల్లేదు. బయట మీటరు నిద్రపోతోంది.

“నా బండను అందరు చల్లటిదంటరు,” అన్నాడు అబ్బా. “ఎండను ఎట్ల దాచుకున్నదో చూడు.”

* * *

శుక్రవారం పొద్దుటి రైల్లో ఖైరున్నీసా దిగింది. స్టేషన్ నుంచి ఆటోలో వచ్చేసరికి చలికి బిర్రబిగిసి ఉంది. వీధిలో ఎవరూ ఏ పనీ చేయడం లేదు, అందరూ చేస్తున్నట్టే కనిపిస్తున్నారు.

ఆమె గదిలోకి వెళ్ళింది. పైనున్న బొంతను చూసింది. తలుపు బొంతను వేళ్ళతో నలిపి టాకాలు పరీక్షించింది. శాలువా తీసి మడిచి పక్కన పెట్టింది. మంచం మీద కూచుని తస్బీ జపమాల తీసుకుని, కళ్ళు మూసుకుంది. మొహంలో ఏమీ లేదు. చలి అనలేదు, వెచ్చన అనలేదు.

“చాంద్‌బీ ఉంటె చాలు. మీరు బయట ఉండుండ్రి.”

అబ్బా గుమ్మం ముందు పచార్లు మొదలుపెట్టాడు. నేను వసారాలో మిషన్ మీద కూచుని, ఎవరిదో జాకెట్‌కు చేతులు తలకిందులుగా అతికించాను.

మొదట లోపలి నుంచి మాటలు వినిపించాయి. మా అమ్మీ, ఖైరున్నీసా ఒకచోట కూచుంటే వీధి చివర వాళ్ళకు కూడా సంగతులన్నీ తెలిసిపోతాయి. గాజుల ధరలు, ఎవరి కోడలో, ఎవరి మోకాళ్ళో. తర్వాత మాటలు పలచబడ్డాయి. తర్వాత ఆగిపోయాయి.

నా కాలు మిషన్ మీద ఆగింది. వాళ్ళిద్దరూ ఒక గదిలో ఉండి ఇంత నిశ్శబ్దమా?

“అమ్మీ?”

జవాబు లేదు.

తలుపు బొంత లాగేశాను. లోపలి నుంచి వేడి మొహానికి కొట్టింది. మామూలు వెచ్చదనం కాదు. ఖైరున్నీసా గోడకు జారిపోయి ఉంది, నోరు తెరుచుకుని, తస్బీ నేల మీద. అమ్మీ చాప మీద తల పట్టుకుని కూచుంది. నన్ను చూసింది కానీ గుర్తుపట్టలేదు. పొగ లేదు. వాసన లేదు. మంచం కింద మాత్రం, ఖైరున్నీసా చీరకుచ్చుల చాటున, ఎర్రగా ఏదో మెరుస్తోంది.

కుంపటి. నిండా బొగ్గులు.

“అబ్బా!”

ఆయన ఖైరున్నీసాను భుజాన వేసుకున్నాడు. నేను అమ్మీ చంకల కింద చేతులు వేసి ఈడ్చాను. శాంతవ్వ ఎటునుంచి వచ్చిందో, కుంపటిని కొంగుతో పట్టి వాకిట్లోకి విసిరింది. తలుపులు, కిటికీ బార్లా తీశాం. వీధి మధ్యలో, చలిగాలిలో, ఖైరున్నీసా దగ్గింది. వాంతి చేసుకుంది. కళ్ళు తెరిచింది.

ఆటోలో ఇద్దరినీ ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాం.

* * *

డాక్టరమ్మ ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టి, వాళ్ళ రంగు తేరుకునేదాకా పక్కనే నిలబడింది. తర్వాత అమ్మీ మీద విరుచుకుపడింది.

“పొగ వద్దన్నాను కదమ్మా!”

“పొగ లేదమ్మా,” అంది అమ్మీ ఏడుస్తూ. “మండిన బొగ్గులే పెట్టిన. బాలింత మంచం కింద కుంపటి లేని ఇల్లు ఉన్నదా? మా అమ్మ పెట్టింది, వాళ్ళ అమ్మ పెట్టింది. ఎవ్వరికి ఏం కాలే.”

“వాళ్ళ ఇళ్ళకు సందులున్నాయి. బొగ్గు విషం సందుల్లోంచి పోయేది. మీ అమ్మాయి సందులన్నీ మూసేసింది. కంటికి కనిపించదు, ముక్కుకు తెలియదు. ఆ గదిలో పిల్ల ఉండుంటే?”

నా గోళ్ళల్లో ఇంకా గోనె పీచు ఉంది. అంతా అయిపోయిందనుకున్నాను. వార్డులోంచి ఆఫియా గోడ పట్టుకుని నడిచొచ్చి, పిల్లను హత్తుకుని, మా అందరినీ చూస్తూ నిలబడింది.

ఖైరున్నీసా మాస్కు పక్కకు జరిపింది.

“చాంద్‌బీ, కుంపటి ఎప్పుడు పెట్టినవ్?”

“మీరు కండ్లు మూసుకున్నంక. మీ మొహంల ఏం కనవడలే. చలి పెడుతున్నదేమో అనుకున్న. వంటింటి దిక్కు నుంచి తెచ్చి నెట్టిన.”

“నేను శాలువా తీసినంక?”

“తీసినంకనే.”

ఖైరున్నీసా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. “శాలువా తీసిన. కూసున్న. చలి ఎటు నుంచి వస్తదా అని ఎదురుచూసిన. రాలే. ఏ తప్పు పట్టాల్నా అని కండ్లు మూసుకుని ఆలోచన చేస్తున్న. గంతల నువ్వు నన్ను చంపవోయినవ్.”

మాస్కు మళ్ళీ పెట్టుకుంది. అమ్మీకి ఏడుపు మధ్యలో నవ్వొచ్చి పొలమారింది.

“గోడకు రెండు రంధ్రాలు పెట్టండి,” అంది డాక్టరమ్మ. “కింద ఒకటి, పైన ఒకటి. గాలి ఆడాలి. అదయ్యాకే పిల్లను పంపిస్తాను. నిప్పు ఆ గది గడప దాటకూడదు.”

అందరం అబ్బా వైపు చూశాం. ఆయన తల దించుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు.

“ఎంత వెడల్పు ఉండాలమ్మా?” అని అడిగాడు.

* * *

సాయంత్రానికి యూనిట్ నుంచి కోత మిషన్ వచ్చింది. మేం ఎవరం దగ్గరికి వెళ్ళలేదు. అబ్బా గోడను చేత్తో తడిమి, ఒక చోటు ఎంచుకుని, నా సుద్ద అడిగి గుండ్రంగా గీసుకున్నాడు. మిషన్ మోగింది. బండ పొడి ఆయన కనురెప్పల మీద తెల్లగా పేరుకుంది. కింద ఒకటి, పైన ఒకటి. అంచులు పగల్లేదు. పైపు ముక్కలు బిగించి జాలీ కట్టాడు.

అవతల నుంచి శాంతవ్వ గొంతు నేరుగా గదిలోకి వచ్చింది. “అయిపాయె! ఇగ మా ఇంట్ల కూరేందో నీకు రోజు ఎరుకైతది కరీం భాయ్!”

మేం మళ్ళీ మొదటి నుంచి చూశాం. పగలు ఎండ పట్టి, సాయంత్రం మూసి, హీటర్ కాసేపు వేసి ఆపి, శాలువా లేకుండా ఇంటిల్లిపాదీ కూచున్నాం. రంధ్రాలున్నా గదిలో వేడి నిలిచింది.

సోమవారం సాకిబ్ వికారాబాద్ నుంచి కారు తెచ్చాడు. ఆసుపత్రి గేటు దగ్గర ఖైరున్నీసా పిల్లను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూచుంది. బండి ఎటు తిప్పాలో తెలియక సాకిబ్ తల్లి వైపు చూశాడు.

“నన్ను చూస్తవేంది? కరీం భాయ్ ఇంటికి పోనీ. ఒక్క రాత్రి ఉండి నేను చూస్త.”

ఒక్క రాత్రి చూసింది. ఇంకో రాత్రి చూడాలంది. గాజుల దుకాణం కొడుకుకు అప్పజెప్పింది. కుంపటి వాకిట్లోకి మారింది. అమ్మీ దాని మీద పిల్ల బట్టలు వెచ్చచేసి, గడప బయట నిలబడి లోపలికి అందించేది. పిల్ల పాలు తాగింది, పడుకుంది, లేచి మళ్ళీ తాగింది. బుగ్గలు కనిపించడం మొదలైంది.

సంక్రాంతి పోయాక అసలు చలి దిగింది. రాష్ట్రంలో అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రత మా జిల్లాలోనే అని ఫోన్లలో వార్త తిరిగింది. ఆ పొద్దున పొగమంచులో వీధి చివర కనిపించలేదు. మార్కెట్‌కు పోయే కందుల ట్రాక్టర్లు లైట్లు వేసుకుని పాకుతున్నాయి. అబ్బా ఫజర్ నమాజు నుంచి వచ్చాడు. మంకీ క్యాప్, మఫ్లరు, కోటు. ముక్కు ఎర్రబడింది. వీధి తలుపు మూసి, బొంత దించి, చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

మంచం మీద ఆఫియా పాలిచ్చి ముగించింది. ఖైరున్నీసా పిల్లను అందుకుని, వీపు నిమిరి, టోపీ తీసింది. మెడ వెనక వేలు పెట్టి చూసింది. కొంగు అంచుతో తుడిచింది.

“కరీం భాయ్, జర గా తలుపు తెరువుండ్రి. పిల్లకు చెమట పడుతున్నది.”

మా అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగాయి. అబ్బా కదల్లేదు. మెల్లగా మంకీ క్యాప్ ఒక చెవి మీద నుంచి పైకి మడిచాడు.

“ఏమన్నరు సమ్ధన్? వినవడలే.”

“తలుపు తెరువుమంటున్న. చెమట పడుతున్నది.”

ఆయన రెండో చెవి కూడా మడిచాడు. “జర గట్టిగ అనుండ్రి.”

అప్పుడు ఆమెకు అర్థమైంది. పిల్లను భుజం మీదికి ఎత్తుకుని, గాజుల దుకాణంలో అటు వీధి గిరాకీని పిలిచే గొంతుతో అరిచింది.

“కరీం భాయ్ ఇంట్ల ఉడుకుతున్నది! తలుపు తెరువుండ్రి!”

అబ్బా తలుపు ఒక్క రెక్క తెరిచి, ఆ సందులో తానే అడ్డంగా నిలబడ్డాడు. వీధిలో ట్రాక్టరు మీద దుప్పటి కప్పుకుని వణుకుతూ పోతున్న రైతు, అరుపు విని మా వైపు తిరిగాడు. అతనెవరో మాకు తెలియదు. అబ్బా అతనికి చెయ్యెత్తి సలాం చేశాడు.